కోడ్‌లో కామెంట్లు, యానోటేషన్లు: ఏది ఎక్కడ వాడాలి? లాభనష్టాలు ఇవీ

2018లో ఆండ్రాయిడ్ 9 పై వచ్చినప్పుడు అందరూ కొత్త జెశ్చర్ల గురించి, అడాప్టివ్ బ్యాటరీ గురించి మాట్లాడుకున్నారు. యాప్ డెవలపర్లను కంగారుపెట్టిన మార్పు మాత్రం వేరే ఉంది. ఏళ్ల తరబడి పనిచేస్తూ వచ్చిన కొన్ని దొడ్డిదారులను గూగుల్ ఆ వెర్షన్‌తో మూసేయడం మొదలుపెట్టింది. ప్రివ్యూ వెర్షన్లు ఫోన్‌లో వేసుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కొన్ని యాప్స్ తెరవగానే ఏపీఐ కంపాటిబిలిటీలో సమస్య ఉందంటూ ఒక బాక్స్ వచ్చేది.

ఈ కథంతా ఒక చిన్న పదం చుట్టూ తిరుగుతుంది. ఆ పదం @హైడ్. విచిత్రం ఏంటంటే అది కోడ్ లైన్ కూడా కాదు, కోడ్ పైన రాసే డాక్ కామెంట్‌లో ఒక ట్యాగ్.

"కామెంట్‌లో ఏం రాస్తే ఏముంది, కంపైలర్ ఎలాగూ పట్టించుకోదుగా" అని చాలామంది అనుకుంటారు. కాలేజీ ప్రాజెక్టులో మార్కుల కోసం నాలుగు కామెంట్లు పెట్టేసి వదిలేస్తారు. కానీ రేపు ఉద్యోగంలో చేరాక వేరేవాళ్లు రాసిన లక్షల లైన్ల కోడ్‌లో మీకు దారి చూపించేవి, లేదా దారి తప్పించేవి, ఈ కామెంట్లూ యానోటేషన్లే. వీటితో వచ్చే లాభాలేంటి, నష్టాలేంటి, ఎక్కడ ఏది వాడాలి అన్నది ఒకసారి వివరంగా చూద్దాం.

ముందుగా, ఈ రెండూ ఏంటి?

కోడ్ పక్కన రాసే రాతల్లో ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

మొదటిది మామూలు కామెంట్. రెండు స్లాష్‌లు పెట్టి, లేదా పైథాన్‌లో అయితే హ్యాష్ గుర్తు పెట్టి రాస్తాం. ఇది మనుషుల కోసం. కంపైలర్ దీన్ని చదవకుండా దాటేస్తుంది. మీరు వెయ్యి లైన్ల కామెంట్లు రాసినా ఏపీకే సైజు ఒక్క బైట్ కూడా పెరగదు.

రెండోది డాక్యుమెంటేషన్ కామెంట్. జావాలో ఒక స్లాష్, రెండు స్టార్లతో మొదలయ్యేది ఇదే. జావాలో దీన్ని జావాడాక్ అంటారు, కోట్లిన్‌లో కేడాక్, జావాస్క్రిప్ట్‌లో జేఎస్‌డాక్. ఒక ఫంక్షన్ ఏం చేస్తుంది, ఏ విలువలు తీసుకుంటుంది, ఏం తిరిగిస్తుంది, ఎప్పుడు ఎర్రర్ ఇస్తుంది అన్నవి ఇందులో ఒక పద్ధతిగా రాస్తారు. టూల్స్ వీటిని చదివి వెబ్ పేజీలు తయారుచేస్తాయి. ఆండ్రాయిడ్ డెవలపర్ సైట్‌లో మీరు రోజూ చూసే రిఫరెన్స్ పేజీలు సోర్స్ కోడ్‌లోని డాక్ కామెంట్ల నుంచే పుడతాయి.

మూడోది యానోటేషన్. @ గుర్తుతో మొదలయ్యే @ఓవర్‌రైడ్, @నల్లబుల్ లాంటివి. ఇవి జావాలోకి 2004లో, జావా 5తో వచ్చాయి. చూడటానికి చిన్న చీటీ లాగే ఉన్నా ఇది కామెంట్ కాదు, భాషలో భాగం. పేరు తప్పు రాస్తే కోడ్ కంపైల్ కాదు. కంపైలర్, ఎడిటర్, బిల్డ్ టూల్స్, కొన్నిసార్లు నడుస్తున్న యాప్ కూడా దీన్ని చదవగలవు.

ఈ మూడింటి తేడా ఒకే చోట కనిపించాలంటే అసింక్‌టాస్క్ క్లాస్ చూడండి. బ్యాక్‌గ్రౌండ్ పనుల కోసం ఒకప్పుడు ప్రతి ఆండ్రాయిడ్ పుస్తకంలోనూ నేర్పిన క్లాస్ ఇది. 2020లో ఆండ్రాయిడ్ 11తో దీన్ని పక్కనపెట్టారు. సోర్స్‌లో ఆ సంగతి రెండుసార్లు చెప్పి ఉంటుంది. @డిప్రికేటెడ్ యానోటేషన్ ఉంటుంది కాబట్టి మీరు దాన్ని వాడగానే ఆండ్రాయిడ్ స్టూడియో ఆ పేరు మీద గీత కొట్టి చూపిస్తుంది. డాక్ కామెంట్‌లో కూడా అదే పేరుతో ఒక ట్యాగ్ ఉంటుంది. దీని బదులు జావా కంకరెన్సీ క్లాసులో, కోట్లిన్ సదుపాయాలో వాడుకోమని అక్కడ రాసి ఉంటుంది. యానోటేషన్ ఆపుతుంది, కామెంట్ దారి చూపిస్తుంది. ఒకటి ఉండి ఇంకోటి లేకపోతే సగం పనే అయినట్టు.

సుద్దముక్కతో గీసిన గీత

ఇప్పుడు @హైడ్ సంగతికి వద్దాం. ఆండ్రాయిడ్ ఫ్రేమ్‌వర్క్‌లో సిస్టమ్ తన సొంత అవసరాల కోసం వాడుకునే క్లాసులు, మెథడ్లు బోలెడున్నాయి. బయటి డెవలపర్లు వాటిని వాడకూడదు. అందుకని ఇంజినీర్లు వాటి డాక్ కామెంట్లలో @హైడ్ అని రాస్తారు. ఎస్‌డీకే తయారుచేసే టూల్ ఆ ట్యాగ్ చూసి ఆ మెథడ్‌ను బయటకిచ్చే జాబితాలోంచి తీసేస్తుంది. డెవలపర్‌కు ఆటోకంప్లీట్‌లో అది కనిపించదు, నేరుగా వాడితే కంపైల్ కాదు.

కానీ మీ ఫోన్‌లో ఉన్న అసలు ఫ్రేమ్‌వర్క్‌లో ఆ మెథడ్ ఉంటుంది. రిఫ్లెక్షన్ అనే పద్ధతిలో పేరును స్ట్రింగ్‌గా ఇచ్చి పిలిస్తే పలికేది. చాలా లాంచర్లలో హోమ్ స్క్రీన్ మీద కిందికి స్వైప్ చేస్తే నోటిఫికేషన్ ప్యానెల్ తెరుచుకునే ఫీచర్ ఉంటుంది కదా, దానికి ఏళ్లపాటు వాడింది ఇలాంటి దాచిన మెథడ్‌నే. అంటే @హైడ్ అనేది కంచె కాదు, నేల మీద సుద్దముక్కతో గీసిన గీత. గౌరవించేవాళ్లు ఆగారు, మిగతావాళ్లు దాటేశారు.

సమస్య ఎక్కడొచ్చిందంటే, దాచిన మెథడ్ మీద గూగుల్ ఎవరికీ హామీ ఇవ్వలేదు. తర్వాతి వెర్షన్‌లో దాన్ని మార్చొచ్చు, తీసేయొచ్చు. అలా జరిగినప్పుడల్లా యాప్ క్రాష్ అవుతుంది, యూజర్ మాత్రం "అప్‌డేట్ వేశాక ఫోన్ పాడైంది" అనుకుంటాడు. చివరికి పై వెర్షన్ నుంచి గూగుల్ ఆ కాపలా పనిని ఫోన్‌లోని రన్‌టైమ్‌కే అప్పజెప్పింది. ఏవి పూర్తిగా నిషిద్ధం, ఏవి ప్రస్తుతానికి వాడుకోవచ్చు, ఏవి పాత యాప్స్‌కు మాత్రమే అనుమతి అని జాబితాలు చేసింది. ప్రస్తుతానికి చూసీచూడనట్టు వదిలేసిన వాటికి సోర్స్‌లో @అన్‌సపోర్టెడ్ యాప్ యూసేజ్ అనే నిజమైన యానోటేషన్ వచ్చింది. ఏ వెర్షన్ లక్ష్యంగా తయారైన యాప్స్ వరకు అనుమతి ఉందో కూడా దానిలోనే రాయొచ్చు. బిల్డ్ టూల్స్ దాన్ని చదివి జాబితా కడతాయి, ఫోన్ ఆ జాబితా చూసి అడ్డుకుంటుంది.

ఇందులో ఉన్న పాఠం ఈ వ్యాసం మొత్తానికీ తాళంచెవి లాంటిది. మీరు రాసిన మాటకు బలం దాని రూపం నుంచి రాదు. దాన్ని తనిఖీ చేసేవాళ్లు ఎవరన్నా ఉన్నారా, లేరా అన్నదాన్ని బట్టి వస్తుంది.

డాక్ కామెంట్ల లాభాలు

1. ఎడిటర్‌లోనే సమాధానం

ఫంక్షన్ పేరు మీద మౌస్ పెడితే దాని వివరణ చిన్న బాక్స్‌లో వస్తుంది. అది డాక్ కామెంటే. ఫైల్ తెరవక్కర్లేదు, గూగుల్ చేయక్కర్లేదు, పక్క సీట్లో ఉన్న సీనియర్‌ను కదపక్కర్లేదు. కొత్త టీమ్‌లో చేరిన ఫ్రెషర్‌కు మొదటి నెలలో ఇంతకంటే పెద్ద సాయం ఉండదు.

2. "ఎందుకు" అన్నది చెప్పగలిగేది ఇదొక్కటే

కోడ్ చదివితే ఏం జరుగుతోందో తెలుస్తుంది. ఎందుకలా చేశారో తెలీదు. ఉదాహరణకు కెమెరా తెరిచే ముందు 200 మిల్లీసెకన్లు ఆగాలని ఒక లైన్ ఉందనుకోండి. కొత్తగా వచ్చినవాడు "ఇదెందుకు, దండగ" అని తీసేస్తాడు. అతని ఫోన్‌లో బాగానే పనిచేస్తుంది. వారం తర్వాత వేరే ఫోన్లలో బ్లాక్ స్క్రీన్ వస్తోందని ప్లే స్టోర్‌లో ఒకటే స్టార్ రేటింగులు. "కొన్ని ఫోన్లలో పాత కెమెరా సెషన్ మూతపడటానికి టైమ్ పడుతోంది, అందుకే ఆగుతున్నాం" అని ఒక్క వాక్యం ఉంటే ఆ లైన్ బతికేది.

ఈ విషయంలో అందరికీ తెలిసిన ఉదాహరణ యూనిక్స్ ఆరో ఎడిషన్‌ది, 1975 నాటిది. ఒక ప్రాసెస్ నుంచి ఇంకో ప్రాసెస్‌కు మారే చోట, ఇది మీకు అర్థం కావాల్సిన పనిలేదు అనే భావంతో ఒక కామెంట్ ఉంది. దాన్ని పొగరు అనుకుని నవ్వుకున్నవాళ్లు చాలామంది. డెనిస్ రిచీ తర్వాత వివరణ ఇచ్చారు. పరీక్షలో ఇది అడగరులే అన్నంత తేలిగ్గా రాసిన మాట అదని, అసలు సమస్య ఏంటంటే అక్కడ ఏం జరుగుతోందో తమకూ పూర్తిగా అర్థం కాలేదని ఒప్పుకున్నారు. ఎందుకో రాయలేకపోతున్నామంటే ఆ కోడ్‌ను ఇంకోసారి చూసుకోవాలన్నమాట. కామెంట్ రాసే ప్రయత్నమే ఒక పరీక్ష.

3. ఉదాహరణలను నడిపి చూసుకోవచ్చు

పైథాన్‌లో డాక్‌టెస్ట్ అనే మాడ్యూల్ ఉంది. డాక్‌స్ట్రింగ్‌లో మీరు రాసిన ఉదాహరణను అది నిజంగానే రన్ చేసి, మీరు చెప్పిన జవాబు వస్తోందా అని చూస్తుంది. రస్ట్ భాషలో అయితే ఇది ఇంకా సహజంగా ఉంటుంది. మామూలుగా టెస్టులు రన్ చేసే కమాండ్ ఇస్తే లైబ్రరీ డాక్ కామెంట్లలోని కోడ్ ముక్కలు కూడా కంపైలై రన్ అవుతాయి. కోడ్ మారి ఉదాహరణ మారకపోతే టెస్ట్ ఫెయిల్. అలాంటి డాక్యుమెంటేషన్‌ను కళ్లు మూసుకుని నమ్మొచ్చు.

డాక్ కామెంట్ల నష్టాలు

1. కోడ్ మారుతుంది, కామెంట్ మారదు

కామెంట్లకు ఉన్న అతిపెద్ద రోగం ఇదే. పైన "టైమ్‌అవుట్ 30 సెకన్లు" అని ఉంటుంది. కింద కోడ్‌లో ఎవరో దాన్ని 10 చేసి ఉంటారు. కంపైలర్ ఏమీ అనదు, టెస్టులన్నీ పాసవుతాయి. కామెంట్ లేకపోతే మీరు కోడ్ చదివి నిజం తెలుసుకునేవాళ్లు. తప్పు కామెంట్ ఉండటం వల్ల చదవకుండానే నమ్మేశారు. అందుకే పాడైన కామెంట్ కంటే కామెంట్ లేకపోవడమే నయం.

2. చెప్పిందే చెప్పడం

ఫంక్షన్ పేరు "గెట్ యూజర్ నేమ్". దాని పైన కామెంట్: "యూజర్ నేమ్‌ను గెట్ చేస్తుంది". ప్రతి మెథడ్‌కూ డాక్ కామెంట్ తప్పనిసరి అని రూల్ పెట్టిన కంపెనీల్లో ఇలాంటివి వందల్లో కనిపిస్తాయి. రూల్ నెరవేరింది, ఎవరికీ ఏమీ తెలియలేదు. ఇంకా నష్టం ఏంటంటే, పనికిరానివి పది చదివాక కన్ను అలవాటుగా అన్నిటినీ దాటేస్తుంది. పదకొండోది నిజంగా ముఖ్యమైన హెచ్చరిక అయినా సరే.

3. పాత కోడ్‌కు గోడౌన్

"మళ్లీ అవసరం రావొచ్చు" అని యాభై లైన్లను కామెంట్‌గా మార్చి ఉంచేయడం. గిట్ ఉన్నాక ఆ అవసరం లేదు. పాత కోడ్ అంతా హిస్టరీలో భద్రంగా ఉంటుంది.

4. రహస్యాలు బయటపడటం

ఏపీకేలోకి కామెంట్లు వెళ్లవని పైన చెప్పుకున్నాం. వెబ్‌లో అలా కాదు. హెచ్‌టీఎంఎల్‌లో, మినిఫై చేయని జావాస్క్రిప్ట్‌లో ఉన్న కామెంట్లు నేరుగా యూజర్ బ్రౌజర్‌కు చేరతాయి. పేజీ సోర్స్ తెరిస్తే ఎవరైనా చదవొచ్చు. టెస్ట్ సర్వర్ అడ్రస్, టెంపరరీ పాస్‌వర్డ్ లాంటివి అక్కడ రాస్తే తాళంచెవి గుమ్మం మీదే పెట్టినట్టు. రిపో పబ్లిక్ అయితే ఏ భాషలో రాసినా అదే పరిస్థితి.

పనిచేసే కామెంట్లు: అసలు ప్రమాదం ఇక్కడే

కామెంట్ అంటే తీసేసినా ప్రోగ్రామ్ మారకూడదు. కానీ కొన్ని చోట్ల కామెంటే కోడ్‌లా పనిచేస్తుంది. ఈ రకం కాస్త జాగ్రత్తగా చూడాలి.

తెలుగువాళ్లకు బాగా దగ్గరైన ఉదాహరణతో మొదలుపెడదాం. పైథాన్ 2 ఫైల్‌లో మీరు ఒక కామెంట్‌ను తెలుగు లిపిలో రాస్తే చాలు, ప్రోగ్రామ్ రన్ అవ్వకుండా సింటాక్స్ ఎర్రర్ ఇచ్చేది. అది కామెంటే అయినా సరే! ఆస్కీ కాని అక్షరం ఉందని గొడవ. దానికి మందు ఇంకో కామెంట్. ఫైల్ మొదటి రెండు లైన్లలో ఎక్కడో ఒక చోట ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని కామెంట్ రాయాలి. మూడో లైన్‌లో రాస్తే పనిచేయదు. పైథాన్ 3లో యూటీఎఫ్-8 డిఫాల్ట్ కాబట్టి ఆ తలనొప్పి పోయింది.

గో భాషలో ఇలాంటిదే ఇప్పటికీ ఉంది. 2021లో గో 1.16తో వచ్చిన ఎంబెడ్ సదుపాయంలో, ఒక ఫైల్‌ను ప్రోగ్రామ్‌లోకి చేర్చమని కామెంట్ రూపంలోనే చెప్పాలి. రెండు స్లాష్‌ల తర్వాత ఖాళీ ఉండకూడదు. అలవాటుగా ఒక స్పేస్ కొట్టారంటే అది మామూలు కామెంట్ అయిపోతుంది. ఎర్రర్ రాదు, ఫైల్ మాత్రం లోపలికి రాదు.

అన్నిటికంటే పెద్ద కథ పీహెచ్‌పీది. జావా లాంటి యానోటేషన్లు పీహెచ్‌పీలో చాలాకాలం లేవు. దాంతో డాక్ట్రిన్ లాంటి లైబ్రరీలు డాక్ కామెంట్లనే యానోటేషన్లుగా వాడుకున్నాయి. ఈ క్లాస్ ఏ డేటాబేస్ టేబుల్‌కు సంబంధించింది, ఏ కాలమ్ ఏ రకం అన్నవన్నీ కామెంట్లలో రాసేవాళ్లు. సౌకర్యంగా ఉండేది. కానీ పీహెచ్‌పీకి అది ఉత్త కామెంటే. సర్వర్‌లో మెమరీ ఆదా చేద్దామని ఎవరైనా ఓపీక్యాష్ సెట్టింగ్‌లో కామెంట్లు దాచొద్దు అని పెట్టారంటే, యాప్ మొత్తం ఆగిపోయేది. ఎందుకంటే ఆ యాప్ నడుస్తున్నదే ఆ కామెంట్ల మీద.

చివరికి 2020 నవంబర్‌లో పీహెచ్‌పీ 8తో అట్రిబ్యూట్స్ పేరుతో అసలైన సదుపాయం వచ్చింది. దాని సింటాక్స్ కోసం పెద్ద చర్చే జరిగి, హ్యాష్ గుర్తు, దాని వెంటనే చతురస్రపు బ్రాకెట్ అని ఖాయం చేశారు. అందులో ఒక చిన్న తెలివి ఉంది. పీహెచ్‌పీ 7కు హ్యాష్ అంటే కామెంట్. కాబట్టి ఒకే లైన్‌లో రాసిన అట్రిబ్యూట్‌ను పాత వెర్షన్ కామెంట్ అనుకుని దాటేస్తుంది, కొత్త వెర్షన్ చదువుకుంటుంది. డాక్ట్రిన్ ఓఆర్‌ఎం 3లో పాత కామెంట్ పద్ధతిని పూర్తిగా తీసేశారు.

@హైడ్ కథ, పీహెచ్‌పీ కథ రెండూ ఒకే దారిలో నడిచాయని గమనించారా? పని మొదలైంది కామెంట్‌తో. కామెంట్ మీద భారం పెరిగింది. మోయలేక అసలైన యానోటేషన్ పుట్టింది.

యానోటేషన్ల లాభాలు

1. తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది

@ఓవర్‌రైడ్ నే తీసుకోండి. జావాలో టు స్ట్రింగ్ మెథడ్‌ను మీ క్లాస్‌లో మళ్లీ రాస్తున్నారు, పేరులో ఒక అక్షరం తప్పు పడింది. యానోటేషన్ లేకపోతే అది వేరే కొత్త మెథడ్ అనుకుని కంపైలర్ ఊరుకుంటుంది. మీరు గంటసేపు జుట్టు పీక్కుంటారు. @ఓవర్‌రైడ్ పెడితే "పైన అలాంటి మెథడే లేదు" అని వెంటనే చెప్పేస్తుంది. కోట్లిన్‌లో దీన్ని ఏకంగా కీవర్డ్‌గా చేసి తప్పనిసరి చేశారు.

2. నల్ గొడవ తగ్గుతుంది

నల్ రిఫరెన్స్‌ను 1965లో ప్రవేశపెట్టిన టోనీ హోర్, 2009లో దాన్ని తన బిలియన్ డాలర్ల పొరపాటుగా చెప్పుకున్నారు. జావాలో రాసిన ఒక మెథడ్ నల్ ఇస్తుందా ఇవ్వదా అని "నల్ రావొచ్చు జాగ్రత్త" అంటూ కామెంట్‌లో రాయొచ్చు, లేదా @నల్లబుల్ అని యానోటేషన్ పెట్టొచ్చు. రెండోది చేస్తే ఆ మెథడ్‌ను కోట్లిన్ నుంచి పిలిచినప్పుడు కంపైలరే గుర్తుచేస్తుంది. రెండూ లేకపోతే కోట్లిన్‌కు కూడా తెలీదు, బాధ్యత మీ నెత్తిన పడుతుంది. అందుకే అదే పై వెర్షన్ ఎస్‌డీకేలో గూగుల్ ఈ గుర్తులను పెద్ద ఎత్తున చేర్చింది. ఒక్కసారిగా అందరి బిల్డులూ ఆగిపోకుండా, కొత్తగా చేర్చిన వాటికి ముందు వార్నింగ్ మాత్రమే వచ్చేలా వేరే రకం యానోటేషన్ వాడింది.

3. పాత ఫోన్లు క్రాష్ అవ్వవు

ఇది మన ఇళ్లకు నేరుగా తగిలే విషయం. మీ చేతిలో లేటెస్ట్ ఫోన్ ఉండొచ్చు, ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో ఉన్నది అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్. కొత్త ఆండ్రాయిడ్‌లో మాత్రమే ఉన్న మెథడ్‌ను వాడితే మీ ఫోన్‌లో బాగానే ఉంటుంది, వాళ్ల ఫోన్‌లో ఆ స్క్రీన్ తెరవగానే యాప్ మూతపడుతుంది. @రిక్వైర్స్ ఏపీఐ పెట్టి కనీస వెర్షన్ చెబితే, వెర్షన్ చెక్ చేయకుండా ఎవరు ఆ ఫంక్షన్‌ను పిలిచినా లింట్ ఎర్ర గీత పెడుతుంది. "కొత్త వెర్షన్లలోనే వాడండి" అని కామెంట్ రాస్తే ఆ ఎర్ర గీత రాదు.

4. చేత్తో రాయాల్సిన కోడ్ తగ్గుతుంది

రూమ్ లైబ్రరీలో @క్వెరీ పెట్టి ఎస్‌క్యూఎల్ రాస్తే డేటాబేస్ కోడ్ అంతా అదే తయారవుతుంది. టేబుల్ పేరు తప్పు రాస్తే యాప్ నడిచేదాకా ఆగక్కర్లేదు, బిల్డ్ అప్పుడే ఎర్రర్ వస్తుంది. అలాగే జీసన్‌లో @సీరియలైజ్డ్ నేమ్. డీబగ్ బిల్డ్‌లో డేటా చక్కగా వస్తుంది, రిలీజ్ బిల్డ్‌లో అన్నీ ఖాళీ. ఈ సమస్య చాలామంది చూసే ఉంటారు. రిలీజ్‌లో ఆర్8 టూల్ వేరియబుల్ పేర్లను కుదించేస్తుంది, సర్వర్ పంపే జేసన్‌లోని పేర్లతో అవి కలవవు. యానోటేషన్‌లో పేరు ఖాయం చేస్తే, వేరియబుల్ పేరు మారినా జేసన్ పేరు మారదు.

యానోటేషన్ల నష్టాలు

1. తెర వెనక మాయాజాలం

మన దగ్గర ఐటీ ఉద్యోగాల్లో స్ప్రింగ్ బూట్ వాడనివాళ్లు తక్కువ. అందులో @ట్రాన్సాక్షనల్ పెడితే ఆ మెథడ్‌లో జరిగే డేటాబేస్ పనులన్నీ ఒకే లావాదేవీ అవుతాయి. మధ్యలో ఏదైనా విఫలమైతే అన్నీ వెనక్కి పోతాయి. కానీ అదే క్లాస్‌లోని ఇంకో మెథడ్ నుంచి దాన్ని నేరుగా పిలిస్తే, డిఫాల్ట్ సెట్టింగుల్లో ఆ యానోటేషన్ పనిచేయదు. ఎందుకంటే స్ప్రింగ్ మీ క్లాస్ ముందు ప్రాక్సీ అనే ద్వారపాలకుణ్ణి పెట్టి ఈ పని చేయిస్తుంది. లోపల నుంచి లోపలికి వెళ్లే కాల్ ద్వారం దగ్గరికే రాదు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ఒక ఖాతాలో డబ్బు తగ్గి ఇంకో ఖాతాలో పడకపోతే అప్పుడు తెలుస్తుంది. యానోటేషన్ కళ్లెదుట ఉంది కాబట్టి అనుమానం దాని మీదకు పోదు.

2. బిల్డ్ నెమ్మదిస్తుంది

యానోటేషన్లు చదివి కోడ్ తయారుచేయడానికి టైమ్ పడుతుంది. కోట్లిన్‌లో పాత కాప్ట్ పద్ధతి ముందు కోట్లిన్ ఫైళ్లకు జావా నమూనాలు తయారుచేసి, తర్వాత అసలు పని మొదలుపెడుతుంది. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో ఆండ్రాయిడ్ స్టూడియో నడిపేవాళ్లకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు. దాని స్థానంలో వచ్చిన కేఎస్‌పీ రెండింతల వేగం వరకు ఇవ్వగలదని గూగుల్ చెబుతోంది. మీ ప్రాజెక్ట్ ఇంకా కాప్ట్ మీద ఉంటే మార్చుకోవడం మంచిది.

3. పేరు గొప్ప, ఊరు దిబ్బ

కొన్ని యానోటేషన్లు చూడటానికి రూల్ లాగే ఉంటాయి, అమలు చేసేవాళ్లు మాత్రం ఉండరు. పైథాన్ టైప్ హింట్లు 2015లో పైథాన్ 3.5తో ప్రామాణిక రూపంలో వచ్చాయి. ఈ ఫంక్షన్‌కు పూర్ణాంకం ఇవ్వాలి అని రాసి, స్ట్రింగ్ ఇచ్చి చూడండి. పైథాన్ ఏమీ అనకుండా ముందుకెళ్తుంది. మైపై లాంటి చెకర్ నడిపితేనే ఆ మాటకు విలువ. నడపకపోతే అది మంచి సింటాక్స్‌లో రాసిన కామెంట్, అంతే.

దీనికి సరిగ్గా తిరగేసిన ఉదాహరణ స్వెల్ట్. ఈ జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ టీమ్ 2023లో తమ సొంత కోడ్‌ను టైప్‌స్క్రిప్ట్ నుంచి మామూలు జావాస్క్రిప్ట్‌కు మార్చి, టైపులన్నీ జేఎస్‌డాక్ కామెంట్లలో రాసింది. టైపులను వదిలేశారని చాలామంది అపార్థం చేసుకున్నారు. నిజానికి ఆ కామెంట్లను టైప్‌స్క్రిప్ట్ చెకరే తనిఖీ చేస్తుంది. బిల్డ్ మెట్టు లేకుండా కోడ్‌ను నేరుగా నడిపి డీబగ్ చేసుకునే వీలు అదనం. అక్కడ కామెంటే అయినా కాపలా ఉంది. ఇక్కడ యానోటేషనే అయినా కాపలా లేదు.

ఏఐ అసిస్టెంట్లు వచ్చాక?

2021లో గిట్‌హబ్ కోపైలట్ వచ్చినప్పుడు అందరినీ ఆకట్టుకున్న డెమో ఏంటంటే, కామెంట్ రాస్తే దాని కింద కోడ్ రావడం. దీంతో కామెంట్ విలువ పెరిగింది, ప్రమాదం కూడా పెరిగింది. ఈ టూల్స్ మీ ఫైల్‌లోని కామెంట్లను కూడా సమాచారంగానే తీసుకుంటాయి. పైన చెప్పిన "30 సెకన్లు" లాంటి పాత కామెంట్ ఉంటే, దాన్ని నమ్మి ఇంకో మూడు చోట్ల అదే తప్పు రాసిపెట్టొచ్చు. ఇంకోవైపు ప్రతి లైన్‌కూ చెప్పిందే చెప్పే కామెంట్లు గుట్టలుగా పెట్టడం కూడా ఈ టూల్స్‌కు అలవాటే. వచ్చిన దాన్ని అలాగే కమిట్ చేయకుండా, "ఎందుకు" చెప్పని కామెంట్లను తీసేయండి.

మరి తెలుగులో కామెంట్లు రాయొచ్చా? టెక్నికల్‌గా ఏ ఇబ్బందీ లేదు. పైథాన్ 3, కోట్లిన్, జావా, స్విఫ్ట్ అన్నీ యూనికోడ్‌ను చదువుతాయి. సొంత ప్రాజెక్ట్ అయినా, చదివేవాళ్లంతా తెలుగువాళ్లయినా నిరభ్యంతరంగా రాయండి. సగం అర్థమైన ఇంగ్లిష్‌లో తప్పు వాక్యం కంటే తెలుగులో సరైన వాక్యం మేలు. వేరే రాష్ట్రాలవాళ్లు, విదేశాలవాళ్లు ఉన్న టీమ్ అయితే అందరికీ తెలిసిన భాషలోనే ఉండాలి.

మరి ఏది ఎప్పుడు?

ఏదన్నా రాసే ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి.

ముందుగా, దీన్ని పేరులోనే చెప్పేయొచ్చా? "టైమ్‌అవుట్" అని పేరు పెట్టి పక్కన సెకన్లా మిల్లీసెకన్లా అని కామెంట్ రాసేకంటే, "టైమ్‌అవుట్ సెకన్లలో" అని పేరు పెట్టడం మేలు.

ఇది రూలా? అంటే నల్ రాకూడదు, మెయిన్ థ్రెడ్‌లో పిలవకూడదు, ఈ వెర్షన్ పైనే వాడాలి లాంటిదా? అయితే టైప్‌లోనో యానోటేషన్‌లోనో పెట్టండి. పెట్టి ఊరుకోకుండా లింట్ లేదా చెకర్ ప్రతి బిల్డ్‌లో నడిచేలా చూడండి.

ఇది కారణమా? అయితే కామెంట్. కారణాన్ని ఏ మెషీనూ తనిఖీ చేయలేదు, కాబట్టి కోడ్ రివ్యూ చేసేవాళ్లు కోడ్‌తో పాటు కామెంట్‌నూ చదవాలి. లైన్ మారిస్తే దాని పైన ఉన్న మాట ఇంకా నిజమేనా అని అడగాలి.

వేరేవాళ్లు పిలిచే ఫంక్షనా? అయితే డాక్ కామెంట్ తప్పనిసరి. లోపల ఎలా పనిచేస్తుందో వద్దు. ఏమిస్తే ఏమొస్తుంది, ఎప్పుడు ఫెయిలవుతుంది అన్నవి చాలు. వీలైతే నడిచే ఉదాహరణ ఒకటి పెట్టండి.

కామెంట్ తీసేస్తే ప్రోగ్రామ్ మారిపోతుందా? అయితే అది కామెంట్ వేషంలో ఉన్న కోడ్. దాన్ని భాష ఇచ్చే అసలైన సదుపాయంలోకి మార్చే వీలుంటే మార్చండి. గోలో లాగా వీలు లేకపోతే, దాని మీద ఒక టెస్ట్ రాయండి.

స్కోర్ ఇవ్వమంటే కామెంట్లకూ యానోటేషన్లకూ విడివిడిగా ఇవ్వలేం. కాపలా ఉన్న మాటకు ఫుల్ మార్కులు. కాపలా లేకపోయినా కారణం చెప్పే కామెంట్‌కు మంచి మార్కులు. కాపలా లేకుండా రూల్ చెప్పే రాతకు మాత్రం, ముందు @ ఉన్నా రెండు స్లాష్‌లున్నా, సున్నా. మీ ప్రాజెక్ట్‌లో ఏదో ఒక ఫైల్ తెరిచి "చేయకూడదు", "తప్పనిసరి", "జాగ్రత్త" అనే అర్థం వచ్చే కామెంట్లను వెతకండి. ఒక్కోదాని దగ్గర ఆగి, ఎవరైనా దీన్ని మీరితే నాకు తెలుస్తుందా అని అడగండి. తెలీదు అనిపించిన ప్రతి చోటా మీకు ఒక పని దొరికినట్టే.